ముప్పై ఏడు దవడల దస్త్రం

పొద్దు 401

ఈ ఆసుపత్రి పుస్తకంలో జబ్బులు తప్ప సొంత కబుర్లు రాయకూడదని మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసి ఉంది. రాసినాయన పోయి ముప్పై ఏళ్ళయింది. కొత్తమెట్టకి మిగిలిన ఒక్క నర్సుని నేనే గనక, మస్తానమ్మ అనే నేను నాకు తోచినట్టే రాస్తాను. చదివేవాళ్ళు చదవండి, లేకపోతే మూసెయ్యండి.

ఈ పూట ఇద్దరొచ్చారు. పంపుల మేస్త్రి రామాంజి, ఊరి మీది గాజు కప్పుల అద్దాలు తుడిచే లింగమ్మ. ఇద్దరిదీ ఒకటే పాట, ఎడమ దవడ నొప్పి.

"చెవి కింద ఎవురో సుత్తి పెట్టి కొడతాండారక్కా" అన్నాడు రామాంజి. "ఆవలింత వస్తే పానం పోతాంది. నిన్న మా ఇంటిదాని మింద అరుద్దామంటే నోరు తెరుచుకోలా."

"ఆయమ్మ అదృష్టం" అన్నాను.

జ్వరం లేదు, వాపు లేదు. చెవిలో లైటు వేసి చూస్తే ఎర్రదుమ్ము కనిపించింది. అది ఈ గ్రహం మీద అందరి చెవుల్లోనూ ఉంటుంది. పరీక్ష పెట్టెలో తల పెట్టిస్తే అది కాసేపు మూలిగి "కారణం తెలియదు" అని చీటీ కక్కింది. అదే మాట చెప్పడానికి నేను చాలనా?

రొట్టె మొదలై ఇది తొమ్మిదో పొద్దు. ఆ సంగతి కూడా రాసి పెడుతున్నాను. నాలుగో కప్పు కింద సుంకమ్మక్క తొమ్మిదేళ్ళు మట్టితో కుస్తీపట్టి పండించిన జొన్నలు ఇన్నాళ్ళకి ఊరందరికీ సరిపోయాయి. మధ్యాహ్నం జావతో పాటు మనిషికి అర రొట్టె. అరవై ఏళ్ళుగా గొట్టంతో జావ పీల్చుకుని బతికిన ఊరు మాది. మొదటి పొద్దున రొట్టె చేతికిస్తే రామాంజి దాన్ని సన్నగా చుట్ట చుట్టి గొట్టంలోకి దూర్చబోయాడు. ఆ ముచ్చట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

పొద్దు 404

నా తప్పు నేనే రాసుకోవాలి.

రామాంజి మళ్ళీ వచ్చి, "నువ్వేమన్నా చెయ్యక్కా, లేకుంటే ఈ తలకాయ తీసి పక్కన పెట్టు" అని కూర్చున్నాడు. ఎడమవైపు చివరి దంతం మీద చిన్న మచ్చ కనిపించింది. దొంగ దొరికాడనుకుని పీకేశాను. తీరా వెలుతురులో పెట్టి చూస్తే అది పన్ను మీద అతుక్కున్న జొన్న పొట్టు. పన్ను బంగారంలాంటిది. నొప్పి నొప్పిలాగే ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా చేతిలో అక్షరాలా అలాగే అయింది.

క్షమించమని అడిగాను. రామాంజి పన్నుని చొక్కా జేబులో వేసుకుని కనబడినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. అది తిట్టడం కంటే పెద్ద శిక్ష.

పొద్దు 407

పద్నాలుగు మంది. అందరికీ ఎడమ దవడే. కొందరికి కణత నొప్పి, కొందరికి చెవి పోటు. సాయంత్రానికి తక్కువై, మర్నాడు భోజనం కాగానే మళ్ళీ మొదలు.

ఈసారి పరీక్ష పెట్టె కొత్త చీటీ ఇచ్చింది. "కొత్త ఆహారం తిన్నారా? అవును. నొప్పి ఉందా? అవును. అనుమానం: గుర్తు తెలియని విషం." దాని పొట్టలో నాలుగు వేల జబ్బులున్నాయి. ఒక్కొక్కటీ వెతికాను. నమలడం అన్న మాట ఎక్కడా లేదు. జావ తాగేవాళ్ళ కోసం జావ తాగేవాళ్ళు చేసిన పెట్టె మరి. ఎరగనిదంతా దానికి విషమే.

చీటీ నకలు రూలు ప్రకారం పంపిణీ పెద్ద చౌడప్పకి వెళ్ళింది. ఊళ్ళో ఎవరి నోట్లోకి ఏం పోతుందో చూసే బాధ్యత ఆయనది. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు రెండో తొట్టిలో జావ పాడై పదకొండు మంది పోయారు. అందులో ఆయన అక్క ఉంది. అప్పట్నించీ ఆయన ప్రతి తొట్టినీ మూడుసార్లు వాసన చూస్తాడు.

సాయంత్రానికి సభ కూర్చుంది. 423వ పొద్దున మధ్యాహ్న భోజనం కాగానే జొన్నచేను కోసి, విత్తనాలతో సహా కొలిమిలో వెయ్యాలని తీర్మానం. అందాకా ఇప్పటికే దంచిన పిండితో రొట్టె ఆపకుండా ఇస్తారట, జబ్బు తీరు చూడడానికి. ఆలోపల కారణం తేలిస్తే సరే, తేల్చే పని నాది. భూమిని అడుగుదామంటే సూర్యుడు మధ్యలో అడ్డం కూర్చున్నాడు. ఇంకో నెల దాకా అటు మాట ఇటు రాదు, ఇటు మాట అటు పోదు.

విత్తనాలు కూడా పోతే ఇక రొట్టె మాట మా బతుకుల్లో ఉండదు.

పొద్దు 409

నాలుగో కప్పు కిందికి వెళ్ళాను. సుంకమ్మక్క కంకుల మధ్య నిలబడి ఒక్కొక్క కంకినీ చేత్తో తడుముతోంది. అరవై నాలుగేళ్ళ మనిషి, నాకంటే చురుకు.

"తీర్మానం తెలిసిందా అక్కా?"

"తెల్సింది. నా చేను వేరేవాళ్ళు కొయ్యగూడదని చెప్పినా. నేనే కోస్తా. భోజనాలు ముగిసే రెండో బెల్లు కొట్టంగానే కొడవలి పెడతా. చౌడప్ప సరేనన్నాడు." ఏడవలేదు. కంకి మీద చెయ్యి తియ్యలేదు. "మొదటి ఏడు ఎంత పండినాయో తెల్సునా మస్తానీ? పదకొండు గింజలు. పదకొండూ మళ్ళా ఇత్తినా. నాలుక మింద ఒగటి పెట్టుకుందామని ఎంత ఆశ పుట్టిందో. పెట్టుకోలా."

పని మీద వచ్చానని గుర్తు తెచ్చుకుని ఆవిడ దవడ నొక్కి చూశాను. నొప్పి లేదు. నోరు బావురుమని తెరిచింది. ఆవిడతో పాటు చేలో పనిచేసే ముగ్గురికీ నొప్పి లేదు. తినడం మాత్రం అందరికంటే ఎక్కువ తింటారు, మాడిన రొట్టెలన్నీ వీళ్ళవే.

ఇదే మాట చౌడప్పన్నకి చెబితే, "చేను కాపాడుకునేదానికి నొప్పి దాచిపెడతాండారు" అన్నాడు. పిల్లల సంగతి తియ్యబోయాను. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు పదిహేను మందీ రొట్టె తింటున్నారు, ఒక్కరికీ నొప్పి లేదు. "వాళ్ళు తినేది పావు రొట్టె. ఇసం ఇంకా ఎక్కలేదు" అన్నాడు. ఆయన దగ్గర ప్రతి తాళానికీ ఒక చెవి ఉంది.

పొద్దు 411

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. మొన్న సాయంత్రమే నాకూ వచ్చింది.

ఒకందుకు మంచిదే. ఇన్ని పొద్దులూ ఎదుటివాళ్ళ ముఖాలు నొక్కుతున్నాను, ఇప్పుడు నా ముఖమే నాకు దొరికింది. అద్దం ముందు కూర్చుని చూపుడు వేలితో వెతికాను. పన్ను మీద తడితే నొప్పి లేదు. చెవి లాగితే లేదు. పళ్ళు బిగిస్తే చెంప మీద బిళ్ళలా కండ ఒకటి ఉబుకుతుంది చూడండి, దాని మీద వేలు పెట్టి నొక్కితే మాత్రం ప్రాణం జివ్వుమంది. అక్కణ్ణించి కణత దాకా నొప్పి పాకింది. వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టి, రెండు పొద్దులు రొట్టె మానేస్తే సగం తగ్గింది.

విషమైతే వేలికి దొరకదు. ఒంటి మీద ఇంత చోటులో కూర్చుని, నొక్కితే అరిచి, కాపడానికి మెత్తబడదు. ఇది అలిసిపోయిన కండ. బరువులు మోసినవాడి భుజం నొచ్చినట్టు నమిలినవాడి దవడ నొస్తోంది.

వెంటనే అందరినీ పిలిచి దస్త్రం మొదలుపెట్టాను. ఒక్కొక్కరికీ మూడు పరీక్షలు. కండ నొక్కితే నొప్పి ఉందా? నొప్పి ఏ పూట ఎక్కువ? నోట్లో వేళ్ళు నిలువుగా పెడితే ఎన్ని పడతాయి? మామూలు మనిషికి వాళ్ళ వేళ్ళే మూడు పట్టాలి. లింగమ్మకి రెండు. రామాంజికి రెండు పట్టి మూడోది ఆగిపోయింది. "పన్ను పీకిన సందులో పెట్టమంటావా?" అని అడిగాడు. నేను విననట్టు రాసుకున్నాను.

ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళు యాభై ఎనిమిది మంది. నొప్పి ఉన్నవాళ్ళు ముప్పై ఏడు.

పొద్దు 413

దస్త్రం చంకన పెట్టుకుని చౌడప్పన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్రతి పేజీ చదివాడు, ఆ మాట కాదనకూడదు. అంతా చదివి ఒకటే అడిగాడు.

"మస్తానమ్మా, నువ్వు రొట్టె ఏ పక్క నములుతావు?"

"కుడిపక్క."

"నేనూ కుడిపక్కే. ఊరంతా కుడిపక్కే. నమిలినందుకు కండ అలిసిపోతే కుడి దవడ నొయ్యల్ల గదా? నొచ్చేది ఎడమది. నమలని పక్క యాల నొస్తాది?"

నిలబడి నాలుగుసార్లు నోరు తెరిచి మూశాను. తెరిచినప్పుడల్లా ఎడమపక్కే కలుక్కుమంది.

నన్ను ఓడించానని ఆయన సంతోషించలేదు. "కారణం తేలాలని నాకు మాత్రం లేదా?" అన్నాడు. ఆ మాట నిజమేనని ముఖం చూస్తే తెలిసింది. అది ఇంకా కష్టమనిపించింది. ఎదుటివాడు మూర్ఖుడైతే తిట్టుకుని నిద్రపోవచ్చు.

పొద్దు 415

ఈ పొద్దు సంగతి నెమ్మదిగా రాస్తాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

పొద్దున్నే చౌడప్పన్న వచ్చాడు. వచ్చి తలుపు వేశాడు. చెంపకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు.

"నేను పోతానేమో మస్తానమ్మా" అన్నాడు.

దస్త్రంలో ముప్పై ఏడోవాడు ఆయనే, పరీక్షకి రాకుండా తప్పించుకుని, నొప్పి ఉందని మాత్రం మనిషితో చెప్పి పంపినవాడు. నోట్లో వేళ్ళు పెట్టించాను. ఒకటిన్నర. ఊళ్ళోకెల్లా ఆయనదే ఘోరం. మూడు పొద్దులుగా జావ కూడా సరిగా పీల్చలేకపోతున్నాడట. అక్కకి కూడా ఇలాగే నోరు బిగుసుకుపోయిందని చెబుతుంటే ఆ పెద్దమనిషి పెదవి వణికింది. నాకు చాలా జాలేసింది. ఆ భయం మీద ఇన్నాళ్ళూ వాదించానే అని సిగ్గు కూడా వేసింది.

"అన్నా, నీకేం కాదు. ఒక పని చెయ్యి. నా ముందర కూచుని ఒక ముక్క నమిలి చూపియ్యి. ఏ కండ ఎట్ల కదుల్తాదో నా వేలితో పట్టుకుంటా."

ముక్క చేతికిచ్చి, రెండు చెంపల మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను. ఆయన ముక్క పట్టుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి, గొట్టం తీసి, ఎడమ దంతాల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడు ముక్క కుడివైపు వేసుకుని నమలబోయాడు.

"అన్నా, గొట్టమెందుకు?"

"తింటాండా గదా!" అన్నాడు పళ్ళ సందులోంచి. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

జావ వదిలే మీట లేదు, తొట్టి లేదు. గొట్టం రెండో కొస గాలిలో వేలాడుతోంది. మొదటిసారి నమిలాడు. నా వేలి కింద ఎడమ కండ రాయిలా బిగిసింది. బిగవదా మరి? బొటనవేలంత రబ్బరు గొట్టం ఎడమ దంతాల మధ్య అడ్డం ఉంటే, దాన్ని నలగ్గొట్టి చదును చేస్తేగానీ కుడివైపు పళ్ళు ఒకదాన్నొకటి తాకవు. నమిలిన ప్రతిసారీ ఎడమవైపు గొట్టాన్ని పిండి చెయ్యాలి. కుడి దవడ జొన్నరొట్టె తింటోంది, ఎడమ దవడ రబ్బరు తింటోంది. అదీ ఐదు నిమిషాల్లో, రెండో బెల్లు కొట్టేలోపు ముగించాలని హడావుడిగా!

నవ్వు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. దవడ నొప్పితో నవ్వితే ఏమవుతుందో అనుభవిస్తేనే తెలుస్తుంది, కళ్ళంట నీళ్ళు కారాయి. ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు, గొట్టం అలాగే నోట్లో ఉంది.

ఊరంతా గొట్టం పెట్టుకునేది ఎడమపక్కే, నేను కూడా ఇన్ని పొద్దులూ అలాగే తిన్నాను. ముప్పై ఏడు మందిని పరీక్ష చేసి, ఎవరినీ "తినేటప్పుడు నోట్లో ఏముంది" అని అడగలేదు. తినేటప్పుడు గొట్టం ఉంటుంది కదా, అందులో అడగడానికేముంది అనుకున్నాను. చేలో జావ మీట లేదు, అందుకే సుంకమ్మక్కా వాళ్ళూ గొట్టం లేకుండా తింటారు. పిల్లలకి ఎనిమిదో ఏట గానీ గొట్టం ఇవ్వం.

పొద్దు 416

గొట్టాల కడుగుడు ఈ పొద్దే కలిసొచ్చింది. వారానికోసారి ఊరందరి గొట్టాలూ ఒక తొట్టిలో వేసి ఉడకబెడతాం, ఒక్కొక్క దాని మీదా పేరుంటుంది. అన్నీ బయటికి తీసి బల్ల మీద వరుసగా పేర్చాను. నలిగిన దాన్నిబట్టి వరుస పెట్టి, తరవాత దస్త్రం తీసి సరిచూశాను.

ముప్పై ఏడు గొట్టాల కొసలు పళ్ళ గాట్లతో చితికిపోయి ఉన్నాయి. ఆ ముప్పై ఏడు పేర్లూ నా దస్త్రంలోవే. గాటు ఎంత లోతో నొప్పి అంత. అన్నిటికంటే చితికినది చౌడప్పన్నది, కొస రెండు చీలికలైంది. మిగిలిన ఇరవై ఒక్క గొట్టాలూ శుభ్రంగా ఉన్నాయి. అందులో నాలుగు చేలో వాళ్ళవి. పదకొండు పళ్ళులేని ముసలివాళ్ళవి, వాళ్ళు రొట్టెని జావలో నానబెట్టి మింగుతారు. మిగిలిన ఆరుగురినీ పిలిచి అడిగితే నీళ్ళు నమిలారు. రొట్టె తినకుండా జేబులో దాచి పిల్లలకి పెడుతున్నారట. పిల్లలు తినేది పావు రొట్టేనన్న చౌడప్పన్న లెక్క అక్కడే పోయింది.

చౌడప్పన్నని తీసుకొచ్చి బల్ల చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కొస నించి ఇంకో కొసకి రెండుసార్లు నడిచాడు. చివర తన గొట్టం తీసుకుని చీలికలో వేలు పెట్టి చూశాడు.

"ఇంత కొరికినానా?" అన్నాడు.

ఇప్పట్నించీ కొట్టుగదిలో ఒంటరిగా, గొట్టం లేకుండా తినమన్నాను. రొట్టె చిన్న ముక్కలు, రెండు పక్కలా నమలడం, తొందర లేదు. మూడు పూటలా వేడినీళ్ళ కాపడం.

పొద్దు 420

చౌడప్పన్నకి రెండున్నర వేళ్ళు! ఆవలించి చూపించాడు. ఆవలించి ఇంత గర్వపడ్డ మనిషిని నేను చూడలేదు.

కానీ చిక్కు తీరలేదు. "నేను సభకి కాయితం రాసిస్తా, గొట్టం వల్ల నొప్పి అని" అన్నాడు. కాయితం చాలదన్నాను. కాయితం చదివి ఎవరు గొట్టం తీస్తారు? తియ్యకపోతే నొప్పి పోదు. నొప్పి పోకపోతే 423న చేను పోతుంది.

"నువ్వు అన్నాల సాలలో అందరి ముందర తియ్యాల అన్నా."

ఆయన ముఖం నల్లబడింది. "అది మాత్రం నా చేత గాదు మస్తానమ్మా. నన్ను అడగొద్దు."

కోపం రాలేదు నాకు. ఎందుకో చెబుతాను. ఊరికి కరువు ఏడాది వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. తొట్లు సగానికి పడిపోయాయి. ఆ ఏడు ముసలివాళ్ళు ఒక్కొక్కరే, రెండో బెల్లు కొట్టకముందే నోట్లోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టేవాళ్ళు. నా వంతు చాలు, పిల్లలకి పొయ్యండని దాని అర్థం. పంపిణీ పెద్ద వచ్చి మీట కట్టేసి, "నీ వంతు ఊరికి చేరింది, సల్లగా పో" అనేవాడు. మా అవ్వ అలాగే తీసింది. తీసి, నా వైపు చూసి నవ్వింది. పదమూడు పొద్దుల తరవాత పోయింది. నేనీ పూట కూర్చుని రాస్తున్నానంటే ఆవిడ వంతు తాగి పెరిగినందుకే.

అప్పట్నించీ రెండు బెల్లుల మధ్య గొట్టం తియ్యడమంటే చావుకి సిద్ధపడ్డమే. తియ్యనివాళ్ళే బతికినవాళ్ళు. రొట్టె వచ్చినా గొట్టం అందుకే నోట్లో ఉండిపోయింది. అది తప్పని ఎవరికి తడుతుంది?

పొద్దు 423

మొదటి బెల్లు కొట్టారు. అన్నాల సాలలో అందరం కూర్చున్నాం, సుంకమ్మక్క తప్ప. ఆవిడ కొడవలి పట్టుకుని చేలో రెండో బెల్లు కోసం చూస్తూ ఉంది. ఐదు నిమిషాలు.

గొట్టాలు నోళ్ళకి చేరాయి. రొట్టెలు పంచారు. ఊరంతా ముఖాలు వంకర పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. చౌడప్పన్న తన పెద్ద పీట మీద కూర్చుని ఉన్నాడు, గొట్టం నోట్లో ఉంది, రొట్టె ముట్టుకోలేదు. నా వైపు చూడడం లేదు.

సరే, నేనే తీశాను.

గొట్టం బల్ల మీద పెట్టిన చప్పుడు చిన్నదే. కానీ ఆ చప్పుడు మా వాళ్ళ చెవులు నిద్రలో కూడా పట్టేస్తాయి. పక్కనున్న లింగమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆమె కళ్ళు అప్పుడే నిండిపోయాయి. ఎదురు బల్ల మీద ముసలాయన ఒకడు దండం పెట్టాడు. నాకు మాత్రం ధైర్యముందా? అవ్వ ఎలా నవ్విందో నాకు ఆ క్షణాన గానీ తెలియలేదు, ఎంత కష్టపడి నవ్విందో.

రూలు రూలే. చౌడప్పన్న లేచి నా దగ్గరికి వచ్చాడు. మీట మీద చెయ్యి వేశాడు. కట్టెయ్యాలి, ఆ నాలుగు మాటలూ అనాలి. నేను ఆయన వైపు చూస్తూ రొట్టె తుంచి నోట్లో వేసుకుని, రెండు పక్కలా నమిలాను. హాయిగా, ఆవులా నమిలాను.

ఆయన చెయ్యి మీట మీద చాలాసేపు ఉంది. తరవాత ఆ చెయ్యి పైకి లేచి, ఆయన నోట్లోంచి గొట్టం లాగేసింది.

ఎవరో కెవ్వుమన్నారు. "అయ్యో చౌడప్పన్నా!" అని లింగమ్మ గుండెలు బాదుకుంది.

"ఏడవాకండి! సావడంల్యా నేను!" అని అరిచాడాయన. అన్నాల సాలలో రెండు బెల్లుల మధ్య, ఆ నాలుగు మాటలు తప్ప వేరే మాట వినబడడం నా ఎరుకలో అదే మొదటిసారి. తన గొట్టం పైకెత్తి కొస చూపించాడు. "నొప్పి రొట్టెది గాదు. దీనిది. సూడండి, ఎట్ల కొరికినానో! మీవి మీరు సూసుకోండి!"

చెప్పిందే తడవు, యాభై మందీ తమ తమ గొట్టాల కొసలు చూసుకున్నారు. చూసుకోవాలంటే నోట్లోంచి తియ్యాలి కదా! తీసి, గాట్లు చూసుకుని, పక్కవాళ్ళవి చూసి, "నీది ఎక్కువ నలిగిందే, కాదు నీదే" అని వాదులాడుకుని, అప్పుడు గానీ గ్రహించలేదు, అందరి చేతుల్లోనూ గొట్టాలున్నాయని. ఒక్క నిమిషం అందరూ బిగుసుకుపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు.

రామాంజి అందరికంటే ముందు రొట్టె అందుకున్నాడు. పెద్ద ముక్క కొరికి, రెండు పక్కలా నమిలి, ఆగి, "గొట్టం అడ్డం లేకుంటే దీనికి రుచి ఉండాదప్పా!" అన్నాడు.

అంతే, అన్నాల సాల సంత అయిపోయింది. నమిలే చప్పుడు, దాని మీద మాటలు. ఏడుగురు నాలుక కరుచుకున్నారు, తింటూ మాట్లాడడం ఎవరికి అలవాటు? ఆ ఏడుగురినీ విడిగా రాసుకుంటాను. పెద్ద బల్ల దగ్గర సభవాళ్ళు ముగ్గురూ నోరు నిండా పెట్టుకునే తీర్మానం కొట్టేశారు. రెండో బెల్లు కొట్టేవాడు తాడు పట్టుకుని నిలబడి చౌడప్పన్న వైపు చూస్తే, ఆయన చేత్తో వారించి ఇంకో అర రొట్టె తెమ్మన్నాడు. బెల్లు కొట్టొద్దు, తీరిగ్గా తిననియ్యి అన్నాడు.

నేను పరుగెత్తాను. నలభై ఎనిమిదేళ్ళ ఒంటితో మూడు కప్పులు దాటి పరుగెత్తాను.

సుంకమ్మక్క మొదటి సాలు దగ్గర వంగి ఉంది. ఎడమ చేత్తో కంకులు గుప్పిట పట్టుకుంది, కుడి చేతిలో కొడవలి. బెల్లు రాకపోయేసరికి ఏమయిందో తెలియక అలాగే నిలబడిపోయినట్టుంది. నన్ను చూసి కదల్లేదు.

"బెల్లు యాల కొట్టలా? అంతా తిన్యారా?" అంది.

"ఇంకా తింటాండారక్కా. గొట్టాలు తీసేసి తింటాండారు. తీర్మానం కొట్టేసినారు. నీ చేను నీదే."

ఆవిడకి మాటలు చెవిలో పడ్డాయి గానీ లోపలికి దిగలేదు. గుప్పిట వదల్లేదు. "నువ్వు నా కోసం చెప్తాండావు" అంది. "రొట్టె గురించి వాళ్ళేమన్నారో చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అబద్ధం చెప్పలేకపోయాను. "ఉప్పు తక్కువైందన్నారు."

సుంకమ్మక్క నన్ను చూసింది. అరవై ఏళ్ళలో మా ఊళ్ళో జావ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆవిడ ఎడమ గుప్పిట మెల్లగా విడింది, కంకులు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ముఖం ఒకసారి ఏడుపులోకి వంగి, సగం దారిలో మనసు మార్చుకుని, ఎర్రబడింది.

"ఉప్పు తక్కువా? ఎవురు, ఎవురన్నది? సూపియ్యి నాకు వాని ముఖం!"

కొంగు బిగించి అన్నాల సాల వైపు దూసుకుపోయింది. కొడవలి ఇంకా చేతిలోనే ఉందని చెప్పడానికి నేను మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చింది.